మజ్జిగ పోసిన ఆపిల్ చెట్టు

పరాయి దేశంలో, కనాటా అనే ఊళ్ళో నాకు గది అంత తేలిగ్గా దొరకడమే నా మొదటి అనుమానం. ఆ రోజుల్లో మనవాళ్ళు చదువుకని విమానాలకు విమానాలు దిగుతున్నారు. మా కాలేజీ క్యాంటీన్లో కళ్ళు మూసుకుని కూర్చుంటే ఒంగోలు బస్టాండులో ఉన్నట్టే ఉండేది. మనుషులైతే వచ్చారు గానీ గదులు రాలేదు. బేస్‌మెంట్లలో నేల కనపడకుండా పరుపులు పరుచుకుని పడుకునేవాళ్ళు. అడ్వాన్సు తీసుకుని ఫోను ఆపేసిన ఓనర్ల కథలు రోజుకొకటి వినేదాన్ని. అలాంటప్పుడు ఒక రిటైర్డ్ డాక్టరుగారి ఇంట్లో బేస్‌మెంట్ మొత్తం నా ఒక్కదానికే, అదీ అందరికంటే తక్కువ అద్దెకి అంటే ఇంకొకరైతే ఎగిరి గంతేసేవాళ్ళు. నేను మాత్రం చిల్లు ఎక్కడుందా అని వెతికాను. చవగ్గా వచ్చిన కుండని తట్టి చూడకుండా తీసుకోకూడదని మా అమ్మ చెప్పేది.

ఆ చిల్లు వీడియో కాల్‌లో దొరికింది. నాతో మాట్లాడింది డాక్టరుగారు కాదు, ఆవిడ ఒక్కగానొక్క కొడుకు. ఉండేది బస్సులో సగం రోజు దూరంలో, వాన్ అనే ఊళ్ళో. ఈ దేశంలోనే పుట్టి పెరిగినవాడు కాబట్టి ఆయన తెలుగు రెండు వాక్యాలు నడిచి మూడో వాక్యంలో ఇంగ్లీషులోకి జారిపోతుంది.

"అమ్మ ఒక్కతే ఉంటుంది. స్లిప్ అయి చెయ్యి ఫ్రాక్చర్ అయింది. జస్ట్, కొంచెం చూస్తూ ఉండు. ఏదైనా ఆడ్‌గా అనిపిస్తే నాకు టెక్స్ట్ చెయ్, ఓకే?"

"ఆడ్‌గా అంటే ఏంటి అన్నయ్యా?"

"మర్చిపోవడం... స్టవ్ ఆన్‌లో వదిలేయడం... యూ నో."

అదీ సంగతి. అద్దెలో తగ్గించింది గూఢచారి జీతమన్నమాట. సరేనన్నాను. స్నేహితురాలి సోఫా మీద సెప్టెంబరు గడిపిన దానికి పౌరుషం ఎక్కడి నుంచి వస్తుంది?

పెట్టెలతో గుమ్మంలో నిలబడితే ఆవిడ తలుపు తీసింది. కుడి మణికట్టుకి కట్టు, కళ్ళజోడు మీంచి చూపు. కర్నూలు వైపు మనిషి. ఇక్కడికొచ్చి నా వయసుకి రెండింతల కాలమైనా మాటలో ఆ ఊరు పోలేదు. లోపలికి రమ్మనలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు.

"మావాడు నీకేం పని చెప్పినాడు పాపా?"

"ఏం చెప్పలేదాంటీ."

"ఏం చెప్పకపోతే ఇంత తక్కువకి ఎందుకిస్తాడు? నేనూ అదే ఆలోచిస్తా ఉన్నా."

ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి అని అర్థమైపోయింది. నాకు సగం భయం వేసింది, సగం నచ్చింది. నేనూ ఆ జాతి దాన్నే మరి.

సామాను దించాక ఆవిడ నన్ను వెనక పెరట్లోకి తీసుకెళ్ళింది. తలుపు పైన కొడుకు పెట్టించిన కెమెరా ఉంది. దాని మొహానికి ఆవిడ కిరాణా కవరొకటి బిగించి కట్టేసింది. కెమెరా కింద చెక్క బల్ల, బల్ల మీద లోతు లేని నీలం కుండీ, అందులో ఆపిల్ చెట్టు. మొక్క అనబోయి ఆగాను, అది చెట్టే. ఎత్తు నా మోచేతి నుంచి వేళ్ళ కొసల దాకా ఉంటుందేమో. మొదలు మాత్రం మణికట్టంత లావు, బెరడు పగుళ్ళు బారి ఉంది. ఓ కొమ్మ కుడివైపు వంగి, దాని నిండా రేగుపళ్ళంత ఎర్రటి కాయలు. మా ఊళ్ళో ఆపిల్ అంటే ఆస్పత్రిలో ఉన్నవాళ్ళకి తీసుకెళ్ళేది. చెట్టుకి వేలాడుతుంటే చూడడం అదే మొదలు, అదీ బొమ్మరింట్లో పెట్టుకునేంత చెట్టుకి.

"ఇది బోన్సాయ్. మావాడు యూనివర్సిటీకి పోయిన ఏడు పుల్లంత మొక్క తెచ్చి పెంచినా" అంది ఆంటీ. "పొద్దున లేస్తానే దీని మట్టిలో వేలు పెట్టి చూడాల. ఆరితే నీళ్ళు, తడుంటే వద్దు. ఎండాకాలమైతే పూటపూటకీ చూడాల. నాకిప్పుడు చెయ్యి లేదు. నీ చేతులు కావాల నాకు. అంతే, నీ తెలివి అక్కర్లేదు."

ఆ తర్వాత అసలు విషయం చెప్పింది. కొడుకు ఇల్లు అమ్మేద్దామంటున్నాడు. తల్లి తనతో పాటు వాన్‌లో ఉండాలంటాడు. ఈవిడ ససేమిరా అంటుంది. తాళాలు మర్చిపోతున్నావు, ఓసారి డాక్టర్ అపాయింట్‌మెంట్ మర్చిపోయావు, మెట్ల మీద పడ్డావు అని ఆయన పాయింట్ల మీద పాయింట్లు. చివరికి ఈవిడ పందెం కాసింది.

"నా చెట్టు వచ్చే మే నెలలో పూస్తే నేను ఈ ఇంట్లోనే ఉంటా. పూయకపోతే నోరు మూసుకుని నీ వెంట వస్తా అని చెప్పినా. దీన్ని చూసుకోగలిగితే నన్ను నేను చూసుకోగలిగినట్టే గదా? వాడు సరేనన్నాడు. ఎందుకు సరేనన్నాడో మాత్రం తెలీదు."

నాకు తెలుసనిపించింది. పూయదని నమ్మకం కాబట్టి. నేను లెక్క వేసుకున్నాను. చెట్టు చస్తే ఇల్లు అమ్ముడవుతుంది, ఇల్లు అమ్ముడైతే సెమిస్టర్ మధ్యలో నా పెట్టెలు మళ్ళీ స్నేహితురాలి సోఫా పక్కకి. ఆవిడకి ఇల్లు, నాకు గది, రెండూ ఆ కుండీలోనే ఉన్నాయి. ఆ రోజు నుంచి చెట్టుకి నా అంత నమ్మకమైన బంటు ఇంకోడు లేడు. ఆవిడ మాత్రం నమ్మలేదు. నేను నీళ్ళు పోస్తుంటే వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉండేది. "మెల్లగా! మడికి నీళ్ళు పారిస్తున్నావా?" అని అద్దం మీద కొట్టేది.

ఓ రోజు ఆశ చంపుకోలేక కొమ్మ చివరి కాయ ఒకటి తెంపి నోట్లో వేసుకున్నాను. వగరు, పులుపు, పళ్ళు జివ్వుమన్నాయి. లోపలికి రాగానే ప్రశ్న.

"ఆ చివరి కాయ ఏది?"

"ఉడత తినేసిందేమో ఆంటీ."

"ఉడత కొరికి పారేస్తుంది పాపా. కాడ దగ్గర గోటితో గిల్లదు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను మూతి తుడుచుకున్నాను. ఆవిడ నవ్వలేదు గానీ మర్నాడు మిగిలిన కాయలన్నీ నాతోనే కోయించింది. కాయలుంచితే చెట్టు వాటికే ఒళ్ళంతా ధారపోస్తుందట, చలికాలానికి బలం మిగలదట. వాటికి ఆవపెట్టి పచ్చడి చేయించింది. అంత మంచి పచ్చడి నేనింతవరకు తినలేదు. ఉప్పు మాత్రం రెండుసార్లు వేయబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. "వేసినానా?" అని ఓ క్షణం ఆగి, "నిన్ను పరీక్షిస్తా ఉన్నాలే" అంది. నేను కొడుక్కి ఆ ఉప్పు సంగతి టెక్స్ట్ చేయలేదు. చేస్తే నా గదికే ఎసరు. "ఆంటీ సూపర్, పచ్చడి చేశారు" అని మాత్రం పెట్టాను.

ఆకులన్నీ రాలి మంచు గట్టిగా పట్టేసరికి చెట్టుని గరాజ్‌లోకి మార్చాం. హీటర్ లేని గరాజ్ అది. కుండీ చుట్టూ ఎండుటాకులు కుక్కి, పాత బొంత చుట్టి, మూలన పెట్టాం. నీళ్ళ బదులు అప్పుడప్పుడు గుప్పెడు మంచు తెచ్చి మట్టి మీద వేయాలి, అదే కరిగి తడుపుతుంది.

"దీన్ని చూసి జాలిపడొద్దు" అంది ఆంటీ. "చలి లేకపోతే దీనికి నిద్ర లేదు. నిద్ర లేకపోతే మేలో పూత లేదు. గుర్తు పెట్టుకో."

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఎందుకంటే అదే ఇంట్లో కరివేపాకు మొక్క రాణివాసంలో ఉంది. గరాజ్ పక్కన బట్టలు ఉతికే గదిలో, కిటికీ దగ్గర, వెచ్చగాలి వచ్చే చోట, దాని నెత్తిన ఓ ప్రత్యేక దీపం. ఈ దేశంలో మనవాళ్ళిళ్ళలో పసిపిల్లకి కూడా అంత సేవ జరగదు. వారం వారం పుల్లమజ్జిగ పల్చగా కలిపి పోస్తారు. ఒక చెట్టుకి హీటరూ మజ్జిగా, ఇంకో చెట్టుకి గరాజూ మంచూ! కొడుకు చెప్పిన మతిమరుపు ఇదేనేమో అనిపించింది. ఫోన్లో వెతికి చూశాను. ఆవిడ చెప్పిందే నిజం. ఆపిల్ చెట్టుకి చలికాలం నిద్ర తప్పనిసరి, ఇంట్లో పెడితే చెడిపోతుందట. డాక్టరు మాటని ఫోన్లో సరిచూసుకున్నానని ఆవిడకి చెప్పలేదు. చెప్పకపోయినా కనిపెట్టేసి ఉంటుంది.

క్రిస్మస్ సెలవులకి నేను వాన్ వెళ్ళాను. అక్కడ వేర్‌హౌసుల్లో పండగ రద్దీకి మనుషుల్ని తీసుకుంటారు. చలికి చేతులు కొంకర్లు పోతుండగా పెట్టెలు మోస్తుంటే ఆంటీ ఫోన్ చేసింది. గొంతు బొంగురు. ఫ్లూ జ్వరమట, మందులకి పగలూ రాత్రీ తెలియకుండా నిద్రపోతోందట. కొడుకొచ్చి రసం కాచి పెడుతున్నాడట. "చెట్టు జాగ్రత్త ఆంటీ" అన్నాను. "చెట్టు సంగతి నాకు చెప్తావా" అని పెట్టేసింది. ఆ పెట్టేయడంలో బలం లేదు. నాకు ఆవిడ మీద దిగులు వేసింది. దిగులు కంటే ఎక్కువగా, ఆ ఇంట్లో కొడుకూ చెట్టూ ఒక చోట ఉన్నారన్న సంగతి నన్ను తొలిచేసింది.

సెలవులైపోయి బస్సు దిగి ఇంటికొచ్చేసరికి కొడుకు ఆ ఉదయమే వెళ్ళిపోయాడు. ఆంటీ పైన పడుకుని ఉంది. నేను పెట్టె కూడా విప్పకుండా గుప్పెడు మంచు పట్టుకుని గరాజ్‌లోకి పరిగెత్తాను. మూలన బొంత ఉంది. ఎండుటాకులున్నాయి. చెట్టు లేదు.

ఈ దేశంలో గరాజ్‌లోంచి కార్లు పోతాయని విన్నాను గానీ చెట్లు పోతాయని వినలేదు. మంచు చేతిలోనే కరిగి మోచేతి దాకా కారుతుంటే ఉతికే గది తలుపు తీశాను. అక్కడుంది మహాతల్లి! కరివేపాకు పక్కన, దీపం కింద, వెచ్చగా. కొమ్మల మీద మొగ్గలన్నీ ఉబ్బి, కొసల్లో పచ్చదనం కనిపిస్తోంది. మట్టి తడితడిగా ఉంది. వంగితే పుల్లటి వాసన గుప్పున కొట్టింది. ఎవరో మజ్జిగ పోశారు.

నా కేక విని ఆంటీ గోడ పట్టుకుంటూ దిగి వచ్చింది. జ్వరం వచ్చాక ఆ గదిలోకి రావడం అదే మొదటిసారి అంది. చెట్టుని చూసింది, మట్టిలో వేలు పెట్టింది, వేలు వాసన చూసుకుంది. మొహం పాలిపోయింది.

"ఎవరు చేసినారీ పని?" అంది నా వైపు తిరిగి. "నువ్వేనా?"

"నేనిప్పుడే కదా ఆంటీ బస్సు దిగింది!"

"పోయేముందు చేసి పోయినావేమో. నీకు జాలెక్కువ."

"నాకా? జాలా?" నాకు ఒళ్ళు మండింది. "నేను పోయేముందే పెట్టుంటే ఈపాటికి ఆకులు విచ్చుకునేవి. ఇది నిన్నో మొన్నో మొదలైన పచ్చదనం. డాక్టరుగారైన మీకు నేను చెప్పాలా?"

ఆవిడ మళ్ళీ మట్టిలో వేలు పెట్టింది.

"అన్నయ్యని అడుగుదాం. ఇంట్లో ఉన్నది ఆయనే కదా" అని ఫోను తీశాను.

"వాణ్ణి అడగొద్దు!" మంచిగా ఉన్న చేత్తో వాషింగ్ మెషీన్ మీద ఒక్క చరుపు చరిచింది. "చెప్తున్నా. ఈ మాట వాడి చెవిన పడిందంటే ఆ రోజే నీ పెట్టెలు బయట."

ఇంత కోపం నేనెప్పుడూ చూడలేదు. నోరు మూసుకున్నాను గానీ మనసు మూసుకోలేదు. అనుమానం పెనుభూతం అంటారు. ఆ వారమంతా అది నా బేస్‌మెంట్‌లోనే కాపురం పెట్టింది. చేసింది కొడుకే, అందులో సందేహం లేదు. ఆపిల్ చెట్టుని చంపడానికి గొడ్డలి అక్కర్లేదు, చలికాలంలో వెచ్చగా పెడితే చాలు. మరి మజ్జిగ ఎందుకు? అక్కడే ఉంది తెలివంతా. ఈ ఇంట్లో మొక్కలకి మజ్జిగ పోసేది ఎవరు? ఆంటీ. రేపు పంచాయితీ వస్తే 'చూశావా అమ్మా, ఏ చెట్టుకి ఏం పోస్తున్నావో కూడా మర్చిపోతున్నావు' అనొచ్చు. ఒక దెబ్బకి చెట్టూ పోతుంది, తల్లి మాటా పోతుంది. కన్నకొడుకు ఇంత కుట్ర చేస్తే ఈవిడ వెనకేసుకొస్తోంది. కన్నకడుపు అలాంటిది కాబోలు అనుకుని నేనే పళ్ళు కొరుక్కున్నాను.

కోపం సంగతి ఎలా ఉన్నా చెట్టుని కాపాడుకోవాలి. నిద్ర లేచిన చెట్టుని మళ్ళీ గరాజ్‌లో పెడితే గడ్డకట్టి చస్తుంది. వేడి గదిలో ఉంచితే నీరసంగా ఎగబాకి చస్తుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి. ఆంటీ ఆలోచించి వెనక వైపు అద్దాల వరండా చూపించింది. అక్కడ హీటర్ లేదు, ఎండ ఉంది. బాగా చలిగా ఉన్న రోజు ఇంటి వైపు తలుపు వేలంత సందు తెరిచి పెట్టాలి, ఎండ కాసిన రోజు మూసేయాలి. గడ్డ కట్టకూడదు, వెచ్చబడకూడదు. ముందు సింకులో పెట్టి, కుండీ అడుగు కన్నాల్లోంచి తేట నీళ్ళు వచ్చేదాకా, పులుపు వాసన పోయేదాకా కడిగాం. ఆవిడ చెప్పడం, నేను చేయడం. పసిబిడ్డకి విరేచనాలైతే చూసుకున్నట్టు చూసుకున్నాం.

ఈ మధ్యలో ఆంటీ వరస మారింది. స్టవ్ ఆపి, రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి చూసేది. "స్టవ్ ఆపినా. తలుపేసినా" అని పైకి అనుకునేది. "నిన్న పప్పులో ఉప్పు ఎవరేసినారు పాపా, నువ్వా నేనా?" అని ఆరా తీసేది. ఓ రోజు వరండాలో చెట్టు ముందు కూర్చుని, కట్టు విప్పిన మణికట్టు చూసుకుంటూ చేతి ఎముకల పేర్లు వరసగా వల్లిస్తోంది. పాఠం అప్పజెప్పే పిల్లలా ఉంది. నన్ను చూసి ఆపేసింది.

"ఎవరికి అప్పజెప్తున్నారాంటీ?"

"నీకెందుకు? పోయి చదువుకో."

కొడుకు ఏదో పరీక్ష పెట్టించబోతున్నాడని, దానికి ఈవిడ తయారవుతోందని నేను తీర్మానించేశాను. సరిగ్గా అప్పుడే ఆయన దగ్గర్నుంచి టెక్స్ట్. అమ్మ ఎలా ఉంది అని. బాగున్నారు అని పెట్టాను. వెంటనే ఇంకోటి. చెట్టు ఎలా ఉంది అని.

చూశారా! ఎప్పుడూ అడగనివాడు చెట్టుని ఎందుకు అడిగినట్టు? చచ్చిందో లేదో తెలుసుకోవాలని కాదూ? 'ఏ చెట్టు?' అని పెట్టి ఫోను బోర్లించాను. ఆంటీకి చెప్పలేదు. ఆవిడ కొడుకు సంగతి వద్దంది కదా, నాకేం పోయింది.

మార్చిలో, బయట ఇంకా మోకాలి లోతు మంచు ఉండగా, చెట్టు మొగ్గ తొడిగింది. ముందు కుంకుమ రంగు మొగ్గలు, ఆకుల మధ్య గుత్తులుగా. తర్వాత ఓ ఉదయం ఐదు రేకుల తెల్లటి పూలు. రేకుల వెనక గులాబీ రంగు ఇంకా పోలేదు. నేను చప్పట్లు కొట్టాను. ఆంటీ కుర్చీ లాక్కుని కూర్చుని చాలాసేపు చూసింది. తర్వాత ఏడుపు గొంతుతో అంది.

"అయిపోయింది పాపా. ఇప్పుడు పూసినాక మేలో మళ్ళీ పూయదు. పూమొగ్గలు ఏడాదికి ఒక్కసారే. పందెం మే నెలకి గదా."

"పూసింది పూసిందే కదా ఆంటీ! ఫోటో తీసి పంపిద్దాం."

"మార్చిలో ఎందుకు పూసిందని అడుగుతాడు. ఏం చెప్పాల?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబుంది, మీ అబ్బాయినే అడగండి అని. ఆవిడ మొహం చూసి మింగేశాను. చెట్టుని నా బేస్‌మెంట్‌లో దాచేద్దాం, మేలో అడిగితే పూసి రాలిపోయిందని చెప్పేద్దాం అన్నాను. ఆవిడ కాదనలేదు. అబద్ధం చెప్పడానికి కూడా సిద్ధపడింది. అంత ప్రాణం పెట్టుకున్న ఇల్లది.

దాచే లోపే ఆ శనివారం కొడుకు చెప్పకుండా దిగాడు. బూట్లు విప్పి, తల్లిని ఓసారి పట్టుకుని, "వన్ సెకండ్ అమ్మా" అని గరాజ్‌లోకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. బొంత ఎత్తి చూశాడు. అక్కడ్నుంచి ఉతికే గదిలోకి పోయి కరివేపాకు పక్కన చూశాడు, దీపం వెనక చూశాడు. తేలు కుట్టిన దొంగలా ఉంది మొహం. ఇక నా వల్ల కాలేదు.

"ఏం వెతుకుతున్నారు అన్నయ్యా?" అని గట్టిగానే అడిగాను, ఆంటీకి వినపడాలనే.

"చెట్టు... ఎక్కడ? ఇక్కడే ఉంది కదా?"

"ఇక్కడే ఉందని మీకెలా తెలుసు?"

వెనక అడుగుల చప్పుడు. ఆంటీ గుమ్మంలో నిలబడి ఉంది. వెనక్కి తిరిగి వరండా వైపు నడిచింది. ఆయన వెంట వెళ్ళాడు. అద్దాల్లోంచి ఎండ పడుతోంది. పూలు నిండుగా ఉన్నాయి.

ఆయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "ఓ మై గాడ్. ఇట్ వర్క్‌డ్!"

"ఏం పని చేసింది?" అంది ఆంటీ. గొంతు ఎంత సన్నగా ఉందంటే నాకే సరిగా వినపడలేదు.

"సారీ అమ్మా. నేను చీట్ చేశాను. నీకు ఫీవర్ ఉన్నప్పుడు గరాజ్‌లోకి వెళ్ళాను. కుండీ ముట్టుకుంటే రాయిలా ఉంది, ఐ థాట్ ఇట్ వాజ్ డెడ్. ఇది చచ్చిపోతే నువ్వు ఓడిపోయి మా ఇంటికి రావాలి. నాకు అలా వద్దు. సో, ఐ బ్రాట్ ఇట్ ఇన్. చిన్నప్పుడు చలికాలం కరివేపాకుని లోపలికి తెచ్చేది నేనే కదా, నువ్వే నేర్పావు. మజ్జిగ కూడా పోశాను. చెప్తే హెల్ప్ చేశానని కోప్పడతావని..."

ఇన్ని వారాలు నేను అల్లిన కుట్రంతా ఈ పిచ్చిమాలోకం చేసిన సేవా? ఆపిల్ చెట్టుకి కరివేపాకు వైద్యం! తిట్టాలో నవ్వాలో తెలియక ఆంటీ వైపు చూశాను. చెడామడా దులిపేస్తుందనుకున్నాను.

ఆవిడ కుర్చీ వెనక భాగం పట్టుకుని నిలబడింది.

"నువ్వు తెచ్చినావా? నీ చేత్తో?"

"అవునమ్మా. సారీ."

ఆవిడ కుర్చీలో కూలబడి ఏడ్చింది. వెక్కివెక్కి ఏడ్చింది. కొడుకు మోకాళ్ళ మీద కూర్చుని సారీ అంటూనే ఉన్నాడు. ఆవిడ నా చెయ్యి దొరకబుచ్చుకుంది.

"విన్నావా పాపా? వాడంట. నేను కాదు."

"మీరని ఎవరన్నారాంటీ?"

"నేనే అనుకున్నా. జ్వరంలో లేచిపోయి నేనే తెచ్చి పెట్టినానేమో, నేనే మజ్జిగ పోసినానేమో అని. ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. మతిమరుపు జబ్బు ఎట్లా మొదలవుతుందో, ఎట్లా ముదురుతుందో ఎంతమందిలో చూడలేదు నేను? వాణ్ణి అడిగితే తెలీదంటాడేమోనని భయం. వాడు తెలీదంటే ఇంక నేనే గదా మిగిలేది." కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నిన్ను అంత మాటన్నా. నువ్వే చేసుంటే బాగుండునని అన్నా తల్లీ."

నేను ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను.

కొడుక్కి సగమే అర్థమైనట్టుంది. ఆవిడ చేతులు పట్టుకుని, "అమ్మా, ఇల్లు అమ్మను. నువ్వు ఇక్కడే ఉండు. మే వద్దు, బెట్ వద్దు, అన్నీ క్యాన్సిల్" అన్నాడు.

ఇల్లు అన్న మాట ఆవిడ చెవికెక్కనే లేదు. కొడుకు గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది.

"అది తర్వాత. ముందు ఇంకోసారి చెప్పు. చెట్టుని లోపలికి ఎవరు తెచ్చినారు?"

"నేనే అమ్మా."

"ఇంకోసారి చెప్పు నాయనా."